కొల్లేటి గట్టున మగపురుగు కోసం

"నువ్వుగింజంత పురుగు కోసం కర్నూలు నుంచి ఏలూరుకు పోతావా?" అని మా అత్తగారు ముక్కున వేలేసుకున్నారు. పోయాను, వచ్చాను కూడా. అప్పట్నుంచి కనిపించినవాళ్లంతా ఏమైంది, దొరికిందా అని అడుగుతుంటే ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. నువ్వుగింజ కంటే కాస్త పొడుగే ఉంటుంది లెండి. జీలకర్ర గింజంత.

నేను కర్నూల్లో డిగ్రీ పిల్లలకి జంతుశాస్త్రం చెబుతాను. నాకు పిచ్చి ఉన్నది మాత్రం ఒక్క రకం పురుగుల మీద. మా పత్తి చేలల్లో వాటిని పచ్చదోమ అంటారు. గోదావరి జిల్లాల్లో వరి మీద వాలే వాటి చుట్టాల్ని దీపపు పురుగులంటారు, రాత్రి దీపం పెడితే దాని మీదికే వచ్చి పడతాయి గనక. ఆకు రసం పీల్చి బతుకుతాయి. మనం వేలు దగ్గరికి తెస్తే పీతలా పక్కకి నడిచి ఆకు వెనక్కి పోతాయి. ఇంకా వెంటపడితే టప్పున ఎగిరి మాయమవుతాయి. వీటిలో మనిషి కంటపడనివి, పేరు పెట్టనివి ఇంకా బోలెడున్నాయి.

అలాంటిదొకటి రెండేళ్ల క్రితం ఒక హోమియో సీసాలో నా దగ్గరికి వచ్చింది. పంపినావిడ పేరు ఎస్తేరురాణి గారు. ఏలూరులో ఏళ్ల తరబడి జువాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పెదపాడు అవతల, కొల్లేటి ఒడ్డున ఉన్న ఒక ఊరి చర్చిలో ఆదివారాలు పిల్లలకి బైబిలు కథలు చెప్పడానికి వెళ్తుంటారు. అక్కడ ఒక సాయంత్రం పాట పాడుతుంటే ట్యూబులైటు మీంచి ఒక పురుగు పాటల పుస్తకం మీద పడిందట. మామూలు దీపపు పురుగులా పచ్చగా లేదు. ఎండుగడ్డి రంగు, నెత్తి మీద రెండు నల్లచుక్కలు, మెడ దగ్గర్నుంచి రెక్క చివరి దాకా సన్నని కాషాయపు గీత. "పాట ఆపి పట్టుకున్నానమ్మా, పక్కావిడ నాకేసి అదోలా చూసింది" అని ఫోన్లో చెప్పారు.

నేను దొరికిన పుస్తకాలన్నీ తిరగేశాను. దేనికీ సరిపోలేదు. కొత్త జాతే అని నా మనసుకి తెలిసిపోయింది. కానీ మనసుకి తెలిస్తే చాలదు. ఈ పురుగుల్లో పైకి అక్కచెల్లెళ్లలా ఉండేవి లోపల వేరే వేరే జాతులు అవుతాయి. తేడా తేలేది మగదాని పొట్ట చివర, సూక్ష్మదర్శినిలో తప్ప కనపడని కొక్కేల ఆకారం దగ్గర. ఆ ఆకారం గీసి చూపించకుండా కొత్తది అని రాస్తే ఎవరూ అచ్చు వెయ్యరు. మేడమ్ ఆ తర్వాత పంపినవి కూడా అన్నీ ఆడవే.

దసరా సెలవులకి ముందు ఆవిడే ఫోన్ చేశారు. "అమ్మా రేణుకా, అవి ఉండేది చర్చి వెనక చేపల చెరువు గట్టు మీది కిక్కిసలోనే అని నా అనుమానం. ఆ గట్టు బాగుచేయిస్తారట. మొత్తం పీకించేస్తారు. వస్తే ఇప్పుడే రావాలి." కిక్కిస అంటే నీటి ఒడ్డున మనిషి ఎత్తున పెరిగే రెల్లులాంటి గడ్డి. నేను వల, సీసాలు, చిన్న సూక్ష్మదర్శిని సర్దుకుని రైలెక్కాను.

వట్లూరు

ఏలూరు స్టేషన్‌లో దిగగానే మొదట చెవిన పడింది 'అండి'. ఆటో అబ్బాయి "ఎక్కడికండి?" అన్నాడు, నేను చెప్పాక "అలాగేనండి" అన్నాడు, దారిలో అడ్డం వచ్చిన గేదెని కూడా "తప్పుకోవమ్మా" అని బతిమాలుకున్నాడు. మా ఊళ్లో గేదెకి ఆ మర్యాద దక్కదు. మనుషులకే అంతంతమాత్రం.

ఎస్తేరురాణి గారి ఇల్లు వట్లూరులో, కాలేజీ హాస్టళ్లకీ కొత్త అపార్ట్‌మెంట్లకీ మధ్య ఇరుక్కుని ఉంది. గేటు దగ్గరే చేతికర్రతో నిలబడి ఉన్నారు. ఫోన్లో గొంతు విని చిన్న మనిషి అనుకున్నాను. నా కంటే జానెడు పొడుగు. డెబ్బై దాటినా తల ముగ్గుబుట్ట కాలేదు. మోకాళ్లు మాత్రం బొత్తిగా మాట వినడం లేదు.

"రైల్లో ఏం తిన్నావో ఏమో, ముందు కూర్చో" అని పెసరట్టూ అల్లప్పచ్చడీ పెట్టారు. తినబోతుంటే కళ్లు మూసుకున్నారు. నేనూ చెయ్యి ఆపాను. భోజనం కోసం, నా ప్రయాణం కోసం ప్రార్థన చేసి, చివర్లో అదే గొంతుతో, "ప్రభువా, నీవు చేసిన ఆ చిన్న జీవిలో మగదాన్ని కూడా మాకు చూపించు, ఆమెన్" అన్నారు. నాకు నవ్వొచ్చింది గానీ ఆవిడ నవ్వలేదు. నిజంగానే అడిగారు.

పచ్చడి నోట్లో పెట్టుకున్నాక ఒక్క క్షణం అర్థం కాలేదు. తియ్యగా ఉంది! మా దగ్గర పచ్చడంటే చెవుల్లోంచి పొగ రావాలి. నా ముఖం చూసి ఆవిడ, "బెల్లం వేస్తామమ్మా. రెండు రోజులు తింటే అలవాటు పడతావు" అన్నారు. మర్నాటికే అలవాటు పడ్డాను. ఇప్పుడు ఇంట్లో చేస్తే మావాళ్లే తినడం లేదు.

బల్లి

పెదపాడు దాటాక దారికి రెండు పక్కలా చేపల చెరువులే. మా వైపు నీళ్లు చూడాలంటే బోరు దగ్గరికి పోవాలి, ఇక్కడ నేల చూడాలంటే గట్టెక్కాలి. చెరువుల మీద తాళ్లు కట్టి, వాటికి తవుడు బస్తాలు వేలాడదీశారు. చేపలు కింది నుంచి వచ్చి తింటాయట. పెద్ద ముక్కుల గూడబాతులు గుంపులుగా గట్ల మీద కూర్చుని, చేపల లారీలు పోతుంటే తలలు తిప్పి చూస్తున్నాయి. ఆ లారీల్లోంచి కరిగిన ఐసు నీళ్లు రోడ్డు పొడుగునా కారుతుంటాయి. వెనక ఆటోలో మేము, మా ముఖాల మీద ఆ నీళ్ల తుంపర.

ఊరి చర్చి చిన్నదే. పాస్టరు గారు మేడమ్ మాట కాదనలేదు. సాయంత్రం ప్రార్థన అయ్యాక వరండాలో తెల్లగుడ్డ కట్టి, పక్కన లైటు పెట్టాం. ఇళ్లకి వెళ్లబోతున్న ఆడవాళ్లు ఆగిపోయారు.

"సినిమా వేస్తారాండీ?" అని ఒకావిడ అడిగింది.

"పురుగులమ్మా, పురుగులు" అన్నారు మేడమ్.

"అయ్యో, పురుగులకైతే మా ఇంటికి రావాల్సిందండి, కంచంలోకే వస్తాయి" అని ఆవిడ నవ్వుకుంటూ కూర్చుండిపోయింది.

పొద్దు గుంకీ గుంకగానే మొదలయ్యాయి. దోమలు, పేడపురుగులు, పచ్చ దీపపు పురుగులు. వాటి మధ్యలో మా ఎండుగడ్డి రంగువి ఒకటీ అరా. భూతద్దం పెట్టి ఒక్కొక్కదాని పొట్ట కింద చూస్తున్నాను. ఆడది, మళ్లీ ఆడది. తర్వాత గుడ్డ అంచున ఒకటి. సన్నగా ఉంది. కాషాయపు గీత ఇంకా ముదురుగా ఉంది. పొట్ట చివర ఆడవాటికి ఉండే కత్తిలాంటి అవయవం లేదు.

"మేడమ్, మగది!" అని గుసగుసగా అన్నాను.

సీసా కోసం వంగాను. తలెత్తేసరికి గుడ్డ వెనక నుంచి ఒక బల్లి తల బయటికి పెట్టింది. నాలుక ఆడించింది. అంతే. రెండేళ్లుగా వెతుకుతున్నది బల్లి కడుపులోకి వెళ్లిపోయింది.

నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. మేడమ్ మాత్రం చేతికర్ర మీద వాలి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. "ప్రార్థన సరిగ్గా చెయ్యలేదమ్మా. చూపించమన్నాను గానీ ఇమ్మనలేదు!" ఆ తర్వాత వాన మొదలైంది. గుడ్డ విప్పేశాం.

కొబ్బరిబొండం ఇచ్చి పంపేశారు

మగవి ఉన్నాయని తెలిసింది కదా. మర్నాడు పొద్దున్నే మేడమ్‌ని చర్చి వరండాలో కూర్చోబెట్టి, వల తీసుకుని వెనక గట్టెక్కాను. కిక్కిస నా తల కంటే ఎత్తుంది. ఆకులు రంపాల్లా ఉన్నాయి. వల నాలుగుసార్లు ఊపానో లేదో వెనకనుంచి పిలుపు.

"ఏవండీ! ఎవరండీ మీరు?"

ఆ చెరువు ఆయనదే. రంగారావు గారు. యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, పైకి మడిచిన లుంగీ. పురుగులు పడుతున్నానని చెప్పాను. కొత్త జాతి అని, దాని గురించి రాయాలని, ఉత్సాహంగా అన్నీ చెప్పాను. నేను చెప్పేకొద్దీ ఆయన ముఖం మూసుకుపోయింది.

"కొత్తదంటున్నారు. రాస్తామంటున్నారు. ఎక్కడ దొరికిందో కూడా రాస్తారాండీ?"

"రాయాలండీ."

"అదేనండి మా భయం. ఇదివరకు పక్షులకి చోటు కావాలన్నారు. గవర్నమెంటువాళ్లు వచ్చి ఈ చుట్టుపక్కల చేపల చెరువుల గట్లు కొట్టేశారు. రేపు పురుగు ఉందంటారు. నాది పట్టా భూమేనండి, అయినా ఎవడో ఒకడు కాయితం పట్టుకొస్తే ఆఫీసుల చుట్టూ తిరిగేది నేనే కదండీ? ఏమనుకోకండి. మీరు వెళ్లిపోతే బావుంటుందండి."

గొంతు ఒక్క పిసరు పెరగలేదు. మా దగ్గర ఇంత మాట అనాలంటే మూడు వీధులకి వినపడుతుంది. పైగా నేను గట్టు దిగేలోపు కొబ్బరిబొండం కొట్టించి చేతిలో పెట్టారు. తాగి, దండం పెట్టి, వచ్చేశాను. అంత తీయటి నీళ్లు తాగుతూ అంత దిగులు పడింది నేనొక్కదాన్నేనేమో.

మేడమ్‌కి చెప్పాను. ఆవిడ, "ఆయన భయం ఊరికే పుట్టింది కాదు" అన్నారు. తర్వాత, "ఎర్రకాలవ గట్ల మీద కూడా కిక్కిస ఉంటుంది. గూడెం వెళ్లి చూసిరా. ఈలోపు నేను ఆలోచిస్తాను" అన్నారు.

తాడేపల్లిగూడెం

గూడెం అంటే తాడేపల్లిగూడెమే ఇక్కడివాళ్లకి. రైల్లో దగ్గరే. ఊరి బయట కాలవ గట్టు పట్టుకుని నడిచాను. ఒక పక్క వరి పొట్ట మీదుంది. అంత పచ్చదనం ఒక్కసారిగా చూస్తే మెట్ట నేల మనిషికి కళ్లు తిరుగుతాయి. మా నేలకి వాన ఎప్పుడొస్తుందో అని దిగులు, వీళ్లకి నీళ్లు ఎప్పుడు పోతాయో అని దిగులు.

వల ఊపుతూ పోతుంటే ఒక రైతు ఆగారు. "రొయ్యపిల్లలు గడ్డిలో పడతాయాండీ?" అని అడిగారు, చాలా మర్యాదగా. నేను నవ్వి, దీపపు పురుగుల కోసం వెతుకుతున్నానన్నాను. ఆయన వెంటనే దగ్గరికొచ్చి, "అయితే వాటికి ఏ మందు కొట్టాలండీ?" అన్నారు. నేను వెతికేది వరి జోలికి రాదని, కిక్కిసలోనే ఉంటుందని చెప్పాను. "మరి దానితో పనేంటండీ?" అన్నారు. "పేరు పెట్టాలండి" అన్నాను. ఆయన కొంచెం ఆలోచించి, "పెట్టాలి లెండి, పేరు లేకుండా ఎంతకాలం ఉంటుంది" అని సైకిలెక్కి వెళ్లిపోయారు. మా కాలేజీలో కూడా నా పనిని ఎవరూ ఇంత సులువుగా ఒప్పుకోలేదు.

కిక్కిస ఉంది. పురుగు లేదు. మధ్యలో కాలు జారి మోకాలి దాకా బురదలో దిగాను. చెప్పు ఒకటి కాలవకి సమర్పించాను.

ఆ అవతారంతోనే ఊళ్లోకి వచ్చి ఉల్లిపాయల మార్కెట్ దగ్గర హోటల్లో కూర్చున్నాను. పక్క బల్ల దగ్గర నుంచి "ఏం రా, సాంబారు ఇంత తియ్యగ ఉండాది?" అని వినపడింది. ప్రాణం లేచొచ్చింది. మా కర్నూలు మాట! ఉల్లిపాయల లోడు తెచ్చిన లారీ డ్రైవరు.

"యాడ నుంచి వచ్చినారన్నా?" అన్నాను.

"కోడుమూరు పక్కన. నువ్వు మావైపేనా అక్కా? ఇదేంది, ఒక చెప్పుతో ఉండావు?"

కథంతా చెప్పాను. ఆయన తింటూ విన్నాడు. ఆయనకి పురుగు సంగతి పట్టలేదు. చెరువాయన సంగతి పట్టింది. "ఆయప్పకు నువ్వు అబద్దం చెప్పింటే పనైపోతుండె గదా? ఊరి పేరు రాయను అని చెప్పేది, రాసుకునేది."

"చెప్పొచ్చు. చెప్పలేకపోయినాను."

"మంచిదే లే" అని లేచి, లారీలోంచి తన పాత రబ్బరు చెప్పులు తెచ్చి ఇచ్చాడు. నా కాళ్లకి పడవల్లా ఉన్నాయి. ఇప్పటికీ పెరట్లోకి వెళ్లేటప్పుడు అవే వేసుకుంటాను.

చేతులు కడుక్కుంటుండగా మేడమ్ ఫోన్. గొంతులో ఏదో గెలిచిన ఉషారు. "రేణుకా, రంగారావు గారి భార్య ఎవరనుకున్నావు? మా వేణి! శేషవేణి. నా దగ్గర బీయస్సీ చదివింది. ఇంతకాలం ఆ చర్చి పక్కనే ఉండి నాకు తెలియలేదు చూడు. రేపు మనల్ని భోజనానికి రమ్మంది."

వేణి గారింట్లో

వేణి గారు గుమ్మంలోనే మేడమ్ చేతులు పట్టుకున్నారు. "మీరు బొద్దింకని కోయమంటే నేను కళ్లు తిరిగి పడిపోయాను, గుర్తుందాండీ మేడమ్?" అన్నారు.

"గుర్తులేకేం? పడిపోయి లేచి, మళ్లీ కోశావు" అన్నారు మేడమ్.

కొర్రమీను పులుసు, చేదుపరిగెల వేపుడు, పనసపొట్టు కూర. చేదుపరిగెలు వేలెడంత కూడా ఉండని కొల్లేటి చేపలు, తలతో సహా కరకరా నమిలెయ్యడమే. కర్నూల్లో చేపంటే నెలకోసారి, అదీ ముల్లుకి భయపడుతూ తినేది. ఇక్కడ వద్దన్నా వడ్డిస్తారు. వద్దని చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి వడ్డిస్తారు.

రంగారావు గారు ఎదురుగానే కూర్చున్నారు. కొసరి కొసరి తినమన్నారు గానీ గట్టు మాట ఎత్తలేదు. మజ్జిగ దాకా వచ్చాక ఆయనే అడిగారు.

"ఊరి పేరు రాయకుండా కుదరదాండీ?"

"కుదరదండీ. రేపు ఇంకెవరైనా వచ్చి ఆ చోటే వెతికి చూసుకోగలగాలి. అప్పుడే అది నిజమవుతుంది."

"పక్క ఊరి పేరు రాస్తే?"

"అప్పుడు నేను రాసినదాంట్లో ఏదీ నమ్మక్కర్లేదండీ."

"మరి మీవల్ల మాకు ఇబ్బంది రాదని మాటివ్వగలరా?"

నిజంగా ఆ మాట ఇవ్వాలనిపించింది. అంత మంచి పులుసు తిన్నాక ఎవరికైనా అనిపిస్తుంది. "ఇవ్వలేనండీ" అన్నాను. "ఎవరు చదువుతారో నా చేతిలో లేదు. ఇలాంటివి చదివేవాళ్లు ప్రపంచం మొత్తం మీద ఒక పెళ్లి బస్సుకి సరిపోతారు, అది మాత్రం చెప్పగలను. పురుగు అరుదైనదని గానీ, దాన్ని కాపాడాలని గానీ నేను రాయను. నాకు తెలియదు కాబట్టి. ఫలానా ఊరు, కిక్కిస మీద, అని రాస్తాను. వద్దంటే ఈ భోజనానికి దండం పెట్టి వెళ్లిపోతాను."

వేణి గారు మజ్జిగ గిన్నె కింద పెట్టి, "ఏవండీ, మన కాయితాలు సరిగ్గా ఉన్నాయా లేవా?" అన్నారు.

"ఉన్నాయి."

"మరి అబద్ధం చెప్పనివాళ్లంటే మీకు భయమెందుకండీ? చెప్పేవాళ్లని ఇంతమందిని ఇంటికి రానిస్తున్నారు."

ఆయన విస్తరి వైపు చూస్తూ చిన్నగా నవ్వారు. "మేడమ్ గారూ, మీరు నేర్పిందేనాండీ ఇదంతా?" అన్నారు ఎస్తేరురాణి గారితో. తర్వాత నాకేసి తిరిగి, "రేపు పొద్దున పొక్లెయిన్ వస్తుందండి. కిక్కిస వేళ్లు గట్టుని తినేస్తున్నాయి, అది మాత్రం నేను ఆపలేను. ఈ సాయంత్రం మాత్రం ఆ గట్టు మీ ఇష్టమేనండి" అన్నారు.

గట్టు మీద

ఎండ చల్లబడగానే వెళ్లాం. మేడమ్‌కి గట్టు మొదట్లో ప్లాస్టిక్ కుర్చీ వేయించారు రంగారావు గారు. నేను వల ఊపడం, పడ్డవాటిని రబ్బరు గొట్టంతో సీసాలోకి పీల్చడం, మేడమ్ దగ్గరికి తీసుకెళ్లడం. ఆవిడ భూతద్దంలో చూసి, "ఆడది", "ఇదీ ఆడదే" అంటూ వదిలేయడం. ఒకసారి గొట్టానికి జాలీ సరిగ్గా లేక ఒక పురుగు నా గొంతులోకే పోయింది. దగ్గి దగ్గి కళ్లు ఎర్రబడ్డాయి. "అది మగది కాకుండా ఉంటే చాలు" అన్నారు మేడమ్.

చేతుల మీద కిక్కిస గీతలు మండుతున్నాయి. సూర్యుడు చెరువు అవతలి గట్టు మీదికి దిగాడు. వేణి గారు చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, "ఒకసారి నేను ఊపనాండీ?" అన్నారు. ఇచ్చాను. రెండుసార్లు బాగానే ఊపారు. మూడోసారి చెప్పు జారింది. పడబోయి కిక్కిస పట్టుకున్నారు, వల మాత్రం చేతిలోంచి జారి నీటి అంచున ఉన్న లేత పిలకల్లోంచి దొర్లుకుంటూ పోయింది. దాన్ని అందుకుని తీస్తే సగం బురద. దులపబోయి ఆగాను. బురద అంటని మూల సన్నటివి కొన్ని గెంతుతున్నాయి. కాషాయపు గీత ముదురుగా ఉంది.

ఈసారి ఎవరికీ చెప్పలేదు. వల మూతి బిగించి పట్టుకుని, ఒక్కొక్కటే సీసాలోకి పీల్చి, మూత పెట్టి, అప్పుడు మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ భూతద్దం పెట్టుకున్నారు. చాలాసేపు చూశారు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"మేడమ్?"

"మగవే" అన్నారు. "అన్నీ మగవే. స్తోత్రం."

వేణి గారు తడిసిన చీరతో వచ్చి, "నేనూ చూడనాండీ" అని సీసా కళ్ల దగ్గర పెట్టుకున్నారు. "ఇంత చిన్నదానికి ఇంత చక్కని గీత ఎవరు గీశారండీ!" అన్నారు. రంగారావు గారు దూరంగా నిలబడి, మా ముగ్గురినీ చూసి, టీ పంపించమని ఇంటికి ఫోన్ చేశారు.

పొక్లెయిన్

ఆ రాత్రి వేణి గారింట్లోనే ఉండిపోయాం. తెల్లారగానే చప్పుడు. పసుపు రంగు యంత్రం గట్టెక్కి, కిక్కిసని వేళ్లతో సహా పెళ్లగించి పక్కన పోస్తోంది. గూడబాతులు లేచి ఇంకో చెరువు మీదికి వెళ్లాయి. నా సీసాలో ఉన్నవి తప్ప మిగతావన్నీ ఆ గుట్టలో ఉన్నాయి. ఆయన తప్పు లేదు. గట్టు తెగితే ఏడాది కష్టం ఒక్క పూటలో కొల్లేట్లో కలిసిపోతుంది.

రంగారావు గారు నా పక్కకి వచ్చి నిలబడ్డారు. "ఇదొక్కచోటే ఉంటుందాండీ మీ పురుగు?"

"తెలియదండీ."

ఆయన చెయ్యి చాపి చూపించారు. పొలాల అవతల మురుగుకాలవ. దాని రెండు గట్లూ, చూపు ఆనినంత దూరం, కిక్కిసే. "అది గవర్నమెంటుదండి. ఎన్నిసార్లు పీకించినా మళ్లీ వస్తుంది. అక్కడ చూడండి."

వెళ్లి, ముందురోజు వల జారినట్టే నీటి అంచున లేత పిలకల్లో ఊపాను. ఉన్నాయి. ఆడవీ మగవీ కలిసి. రెండు మగవాటిని వదిలేశాను కూడా. మొన్న బల్లి తిన్నప్పుడు ఇలాంటి రోజొస్తుందని అనుకోలేదు. తిరిగి వస్తూ మేడమ్‌కి చెబితే, "మరింకేం, కాఫీ తాగు" అన్నారు.

మళ్లీ వట్లూరు

మిగతా సెలవులన్నీ మేడమ్ భోజనాల బల్ల మీదే గడిచాయి. మగదాని పొట్ట చివరని మందులో నానబెట్టి, సూది మొనతో విప్పి, సూక్ష్మదర్శిని కింద పెట్టాను. కోడెదూడ కొమ్ముల్లా పైకి వంగిన రెండు కొనలు, ఒక్కోదాని మొదట్లో చిన్న ముల్లు. ఏ పుస్తకంలోనూ లేని ఆకారం. మేడమ్ కంటి అద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ చూసి, "రెండేళ్లు మనతో దోబూచులాడింది ఈ ముల్లేనా" అన్నారు.

కొత్త జాతిని వర్ణించడమంటే చాలామంది ఏదో ఘనకార్యం అనుకుంటారు. నిజానికి బట్టల కొట్లో చీర రంగు గురించి వాదించుకోవడం లాంటిది. నేను 'ఎండుగడ్డి రంగు' అన్నాను. మేడమ్ ఒప్పుకోలేదు. "ఏ గడ్డి? ఇక్కడి వరిగడ్డా, మీ జొన్నచొప్పా? కాగిన వెన్న రంగమ్మా." చివరికి కాగిన వెన్నే గెలిచింది, ఇంగ్లీషులో దానికి ఏ మాట రాయాలని ఇంకో పూట పట్టింది. తల వెడల్పు, రెక్కల్లో ఈనెలు, కాళ్ల మీది ముళ్లు అన్నీ కొలిచాం. బొమ్మలు మేడమ్ గీశారు. చెయ్యి కొంచెం వణికినా గీత వణకలేదు.

ఇక పేరు. నేను ముందే అనుకుని వచ్చాను. "మీ పేరే పెడుతున్నా మేడమ్" అన్నాను.

ఆవిడ పెన్సిలు కింద పెట్టారు. "రాసేవాళ్లలో నేనూ ఉన్నానా?"

"ఉన్నారు. బొమ్మలు మీవి, పురుగు మీది."

"అయితే నా పేరు ఎలా పెడతావు? రాసేవాళ్లు తమ పేరు తామే పెట్టుకోవడం మర్యాద కాదని నీకు తెలుసు కదా. ఏదో ఒకటే."

"రాసేవాళ్లలో కాకుండా, మీ పేరు చివర్లో కృతజ్ఞతల్లో వేసి..."

"వద్దు." మెత్తగానే అన్నారు గానీ, అంత గట్టిగా ఆవిడ ఏదీ అనగా నేను వినలేదు. "జీవితమంతా జాతి పేరు, దాని పక్కన వర్ణించినవాళ్ల పేరు పిల్లలకి బోర్డు మీద రాసి చూపించానమ్మా. అన్నీ పైదేశాలవాళ్ల పేర్లే. నా పేరు పురుగుకి వద్దు. పురుగు పక్కన రాయి."

నేను లేచి ఆవిడ కాళ్లకి దండం పెట్టబోయాను. "ఆ మోకాళ్లు ముట్టుకోకు, నొప్పి" అన్నారు.

మరి పురుగుకి ఎవరి పేరు అన్నది ఆ తర్వాత ఒక్క నిమిషం కూడా ఆలోచించక్కర్లేకపోయింది. ఇద్దరం ఒకేసారి "వేణి" అన్నాం. ఆవిడకి ఫోన్ చేసి అడిగాం. "మా ఆయన ఊరి పేరుకే భయపడ్డారు, ఇప్పుడు ఏకంగా నా పేరా!" అని నవ్వి, "పెట్టండి మేడమ్" అన్నారు.

అచ్చయ్యాక

తిరిగొచ్చాక రాసినదాన్ని పంపడం, వాళ్లు ప్రశ్నలడగడం, దిద్దడం, మళ్లీ పంపడం, అవన్నీ ఇక్కడ వద్దు. ఈమధ్యే అచ్చయింది. శేషవేణి గారి పేరుకి లాటిన్ పద్ధతిలో ఒక తోక తగిలించాం. దాని పక్కన ఎస్తేరురాణి గారి పేరు, ఆ తర్వాత నాది. ఊరి పేరు, కిక్కిస పేరు ఉన్నదున్నట్టు రాశాం. ఇంతవరకు ఆ గట్టు మీదికి ఎవరూ కాయితం పట్టుకుని రాలేదు.

కాపీ ఒకటి పోస్టులో పంపాను. నాలుగు రోజులకి రంగారావు గారే ఫోన్ చేశారు. ముందు నా ఆరోగ్యం అడిగారు. మా ఊళ్లో వాన పడిందా అని అడిగారు. చెరువులో చేపలు బాగా ఎదిగాయని చెప్పారు. అప్పటికీ ఫోన్ పెట్టలేదు.

"ఏమండీ, ఒక్క మాట అడగొచ్చాండీ?"

"అడగండి."

"ఇందులో మగపురుగు బొమ్మ కూడా వేశారు కదండీ. దానికీ మా ఆవిడ పేరేనాండీ?"

"అవునండీ. జాతి మొత్తానికీ ఒకటే పేరు. ఆడదైనా, మగదైనా."

ఆయన ఫోన్ కొంచెం పక్కకి తిప్పి, "మగదానికీ నీ పేరేనంట!" అన్నారు. వెనక నుంచి వేణి గారి నవ్వు వినపడింది. ఆయన మళ్లీ ఫోన్లోకి వచ్చి, ఎంతో మర్యాదగా, "మా ఇంట్లోనూ అంతేలెండి" అన్నారు.